టర్కీ కోళ్ల వెనుక మగ్గం కాళ్లు

జడ్చర్ల దగ్గర ఒక ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు పాఠం చెప్పేది నేనే. మనిషి పడటం మూడు రకాలని బోర్డు మీద రాస్తాను. ఒకటి, జారి పడటం. రెండు, తట్టుకుని పడటం. మూడు, ఎత్తు నుంచి పడటం. ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ చెప్పాలి. పుస్తకంలో ఉన్నవి నూనె మరక, అడ్డంగా పరిచిన వైరు, నిచ్చెన. మొన్న పాఠం చెబుతూ చెబుతూ నేను వాటి జోలికి పోలేదు. తడి బండ మీద ఒక కాలికి చెప్పు ఉండి రెండో కాలికి లేకుండా పరిగెత్తితే ఏమవుతుందో చెప్పాను. లుంగీ అంచు ముళ్లకంపకు తగులుకుంటే మనిషి ఏ వైపు తిరిగి పడతాడో చెప్పాను. సీతాఫలం కొమ్మ ఎంత బరువు దాకా ఆపి, ఎక్కడ వదిలేస్తుందో చెప్పాను. ముప్పైమంది పగలబడి నవ్వుతున్నారు. వెనక కుర్చీలోంచి ఒకతను చెయ్యెత్తాడు.

"సార్, గిన్ని తీర్ల వడ్డది ఒక్క మనిషేనా?"

ఒక్క మనిషే. మా పెద్దబాపు, మా నాయనకు అన్న. పోయిన వానాకాలం మూడు రోజులు జ్వరం వచ్చింది, నాలుగో రోజు లేడు. పడి మాత్రం పోలేదు. ఈ సంగతి ముందే రాయడం అవసరం. ఎందుకంటే, టర్కీ కోళ్ల వెనుక పరిగెత్తి పరిగెత్తి ఏదో ఒకరోజు గుట్ట మీదనే ఉంటాడని ఊళ్లో సగంమంది అనుకున్నారు. ఆయన పేరు రాయను. రాస్తే మా పెద్దమ్మ ఊరుకోదు.

మా ఊరు నార్కట్‌పల్లి నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. నేతపని ఇళ్ల వరుస ఎక్కడ అయిపోతుందో అక్కడ గుట్ట మొదలవుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్లు, మధ్యలో సీతాఫలం చెట్లు, రేగు కంప, పరికి కంప. వరుసలో చివరి ఇల్లు పెద్దబాపుది. ఆ ఇంటి వాకిలికి, గుట్ట మొదటి బండకు మధ్య ఒక సిమెంటు రోడ్డు తప్ప ఏమీ లేదు.

నలభై ఏళ్లు గుంత మగ్గం నేశాడు. నేలలో నడుము లోతు గుంత తవ్వి, అందులో కాళ్లు దించి కూర్చుని, అడుగున ఉన్న చెక్కల్ని తొక్కుతూ నేసే మగ్గం అది. అందుకని ఆయన శరీరం రెండు వేర్వేరు మనుషుల నుంచి చెరి సగం తెచ్చి అతికించినట్టు ఉండేది. నడుము పైన పహిల్వాన్. పోగుల మధ్యకు నాడె కొట్టి కొట్టి భుజాలు, ముంజేతులు గట్టిపడిపోయాయి. నడుము కింద ఆరో తరగతి పిల్లగాడు. నడక కూడా వింతగా ఉండేది. పాదాన్ని ముందుకు వేయడం తక్కువ, కిందికి తొక్కడం ఎక్కువ. ఎడమ తొక్కుడు, కుడి తొక్కుడు, ఎడమ తొక్కుడు. రోడ్డు మీద ఆయన పక్కన నడిస్తే మనం కూడా తెలియకుండానే ఆ దరువులో పడతాం.

ఎవరితో మాట్లాడినా ముందు చెయ్యి చాచి వాళ్ల చొక్కా అంచు పట్టుకునేవాడు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య నలిపి, ఒక మాట చెప్పి, ఆ తర్వాతే సంగతి. నేను మొదటిసారి ఫ్యాక్టరీ యూనిఫాంలో వెళ్లినప్పుడు చాలాసేపు నలిపాడు.

"జీతం ఎంతనన్న ఇయ్యనీ గని, దీంట్ల నూలేదిరా? గోనెసంచి నయం."

ఎమ్మార్వో ఆఫీసులో కూడా ఇదే పని చేశాడని, ఆ సారు రెండడుగులు వెనక్కి జరిగాడని మా నాయన చెబుతాడు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆయనకు కళ్లు మందగించాయి. ఆపరేషన్ అయ్యింది. దూరంలో ఉన్నవన్నీ మళ్లీ స్పష్టంగా కనబడ్డాయి. చేతికింద ఉన్న పోగు మాత్రం కనబడలేదు. అద్దాలు మార్చి మార్చి చూశారు. తెగిన పోగును వేళ్లతో తడుముకుని ముడి వేయగలిగేవాడు కానీ, ఏ రంగు పోగుకు ఏ రంగు ముడి వేశాడో తెలిసేది కాదు. ఒకరోజు మగ్గం దిగాడు. రెండు నెలలు అరుగు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక సంతరోజు వంకాయలు తెమ్మని పంపితే, సంచిలో ఆరు టర్కీ కోళ్ల పిల్లలతో తిరిగి వచ్చాడు.

"వంకాయలేవి?" అంది పెద్దమ్మ.

"ఇయ్యాల మంచిగ లెవ్వు."

ఆరు పిల్లలు పెరిగి, గుడ్లు పెట్టి, ఇరవై దాకా అయ్యాయి. టర్కీ కోడి అంటే ఇంటి చుట్టూ తిరిగే కోడి కాదు. చూడ్డానికి బరువుగా, బద్ధకంగా ఉంటుంది కానీ, నాటు రకం పెట్టలు మంచి ఎత్తు ఎగురుతాయి. పొద్దున తలుపు తీయగానే ఇవి రోడ్డు దాటి గుట్టెక్కేవి. మిడతలు, చీమలు, రాలిన రేగుపండ్లు తింటూ బండల మీద, చెట్ల మీద గడిపేవి. ఆకలైనవి సాయంత్రం దిగి వచ్చేవి. ఆకలి లేనివి వచ్చేవి కావు. కాబట్టి ఎవరైనా కోడి కావాలని అడిగితే ఆయన తన కోడిని తానే వేటాడి తేవాలి.

మొదటి సంవత్సరంలోనే ఒకసారి పడి మణికట్టు బెణికించుకుని వచ్చాడు. పసుపు, సున్నం పట్టు వేస్తూ పెద్దమ్మ ఒక తీర్పు చెప్పింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఇగో, ఇన్నవా? బెణికితే బెణికింది. బొక్క ఇరిగిన్నాడు మాత్రం గీ కోళ్లన్ని సంతకు వోతయ్. ఒక్క ఈక గూడ వాకిట్ల ఉండది."

"బొక్కెందుకు ఇరుగుతదే?"

"ఇరగకుంటె ఉంటయ్. ఇరిగితె వోతయ్. గంతే."

ఆ రోజు నుంచి ఆయనకు రెండు పనులు అయ్యాయి. కోడిని పట్టడం ఒకటి. పడిన సంగతి ఇంట్లో తెలియనీయకపోవడం ఇంకొకటి.

నాకు ఆదివారం సెలవు. కోడి అడిగేవాళ్లు కూడా ఎక్కువగా ఆదివారమే అడిగేవాళ్లు. ఆ విధంగా నేను ఆయన వేటకు శాశ్వత సాక్షినయ్యాను. ఆయన సరంజామా ఇది: ఒక గోనెసంచి, గుప్పెడు జొన్నలు, చివర కొక్కెం ఉన్న వెదురు కర్ర, హవాయి చెప్పులు. ఆ చెప్పులు మార్చమని నేను ఏడుసార్లు చెప్పాను. ఎనిమిదోసారి మా ఫ్యాక్టరీలో వాడే బూట్లు, ముందు ఇనుప తొడుగు ఉన్నవి, కొని తెచ్చి ఇచ్చాను. ఒక్కరోజు వేసుకుని, మగ్గాన్ని కాలికి కట్టుకున్నట్టుందని తీసేశాడు. వాటిలో ఒక పెట్ట గుడ్లు పెట్టింది.

రాత్రిపూట కొమ్మ మీద నిద్రపోతున్నప్పుడు టర్కీ కోడిని పట్టడం చాలా తేలిక. ఈ విషయం ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేనూ చెప్పాను.

"పన్నదాన్ని వట్టుడు దొంగతనంరా. గది వేట గాదు," అన్నాడు.

టర్కీ కోళ్లకు ఒక గుణం ఉంది. ఏదైనా పెద్ద చప్పుడు వినబడితే పుంజులన్నీ ఒక్కసారిగా మెడలు చాచి గుళగుళమని అరుస్తాయి. లారీ హారన్ కొట్టినా, ఎవరైనా గట్టిగా తుమ్మినా జవాబు వస్తుంది. పెద్దబాపు పొదల మాటున నక్కి, అరగంట పాటు అంగుళం అంగుళం జరిగి, చేతికందే దూరంలోకి వచ్చి, సరిగ్గా అప్పుడే తుమ్మేవాడు. గుట్టంతా జవాబిచ్చేది. ఆయన కూడా ఊరుకోడు. లేచి నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టి, "మీ అయ్య తుమ్మడా?" అని వాటితో గొడవకు దిగేవాడు. అవి మళ్లీ జవాబిచ్చేవి. కొంతసేపు అట్లా సాగేది.

నేను కళ్లారా చూసిన పడటాలలో కొన్ని రాస్తాను. అన్నీ రాస్తే రిజిస్టర్ అవుతుంది.

పరికి కంపకు లుంగీ తగులుకున్న రోజు ఆయన ఆగలేదు. కోడి అంత దగ్గరలో ఉంది. లుంగీ కంప దగ్గర ఆగిపోయింది, ఆయన చారల నిక్కరుతో మూడు బండలు దాటి, నాలుగో బండ మీద బోర్లా పడ్డాడు. అప్పుడు కింది రోడ్డు మీద పెళ్లి ట్రాక్టరు పోతోంది. ట్రాక్టరు ఆగింది. పెళ్లివాళ్లు చాలా మర్యాదస్తులు, తల తిప్పుకున్నారు. ఆయన పడుకున్నచోటి నుంచే చెయ్యెత్తి వాళ్లను ఆశీర్వదించాడు.

ఇంకోసారి పుంజు గొంతును అనుకరించి దాన్ని దగ్గరికి రప్పిస్తానన్నాడు. గొంతు అద్భుతంగా వచ్చింది. పుంజు కూడా వచ్చింది. కాకపోతే స్నేహానికి రాలేదు. పక్క రాజ్యం నుంచి ఇంకో పుంజు దండెత్తి వచ్చిందనుకుని తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకు రాస్తూ, ముఖం ఎర్రగా నీలంగా మార్చుకుని మీదికి వచ్చింది. ఆయన వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. వెనక్కి నడవడం ఆ కాళ్లకు అసలే తెలియదు. రేగు కంపలో కూర్చుండిపోయాడు. నేను ముళ్లు తీస్తూ ఉంటే లెక్కపెట్టమన్నాడు. ముప్పై ఒకటి.

అన్నిటికన్నా గొప్పది వల సంగతి. మిగిలిపోయిన నూలుతో ఆయన ఒక వల అల్లాడు. పది రోజుల పని. ముడులు చూస్తే యంత్రం వేసినట్టు, ఒక్కటి కూడా ఎక్కువ తక్కువ లేదు. కళ్లతో కాదు కాబట్టి, వేళ్లతో అల్లాడు కాబట్టి. అంతా అయ్యాక నలభై ఏళ్ల అలవాటు ఊరుకోనివ్వలేదు. నూలును మగ్గానికి ఎక్కించే ముందు గంజి పట్టించాలి కదా. వలకు కూడా పట్టించాడు. కుంచెతో రెండు వైపులా దువ్వి, సందు పొడుగునా గుంజలకు కట్టి ఎండబెట్టాడు. ఎండిన తర్వాత ఆ వల అప్పడమయ్యింది. చుట్టడానికి రాదు, మడవడానికి రాదు. ఇద్దరం తలుపు రెక్కను మోసినట్టు చెరో వైపు పట్టుకుని గుట్టెక్కించాం.

"గంజెందుకు పెట్టినవ్, పెద్దబాపు?"

"గంజి లేని నూలు నూలేనారా? బట్టలిప్పుకొని తిరిగినట్టుంటది."

విసిరాడు. వల ఆకాశంలో ఏ మాత్రం విచ్చుకోకుండా పలకలాగా పోయి, పళ్లెంలాగా కోడి మీద దిగింది. కోడి దాని కింద నుంచి నడుచుకుంటూ బయటికి వచ్చి, రెండడుగులు పోయి, వెనక్కి తిరిగి చూసింది. అట్లా చూసిన పెట్టను మేము నల్లపెట్ట అనేవాళ్లం. మిగతావన్నీ బూడిద రంగు, గోధుమ రంగు. అదొక్కటే నిగనిగలాడే నలుపు.

సరే, మర్నాడు పొద్దున్నే మంచులో పెడితే వల మెత్తబడుతుందన్నాను. తప్పు నాది. మెత్తబడింది, దానితోపాటు గంజి జిగటగా మారింది. ఈసారి విసిరినప్పుడు వల ఆయన చేతుల్ని వదల్లేదు. వలతోపాటు ఆయన కూడా పోయాడు. ఏటవాలు బండ మీద మూడు పొర్లు పొర్లి, కింద గడ్డిలో ఆగేసరికి నిలువెల్లా వల చుట్టుకుని ఉంది. నేను దిగేలోపే కోళ్లు చేరాయి. గంజి మెతుకుల వాసన కదా. ఇరవై కోళ్లు చుట్టూ నిలబడి ఆయన్ని తీరుబడిగా పొడుచుకు తింటున్నాయి. నల్లపెట్ట భుజం మీదికెక్కింది.

"వట్టుకోరా! గిప్పుడు వట్టుకో! దగ్గరనే ఉన్నయ్!" అని వలలోంచి అరుస్తున్నాడు. నేను నవ్వు ఆపుకోలేక కింద కూర్చున్నాను. ఆ రోజు మాకు ఒక్క కోడీ దొరకలేదు. ఇంట్లో మాత్రం పెద్దమ్మ, "కుండల గంజి ఏడ వోయింది?" అని రెండు రోజులు అడిగింది.

నేను చెప్పిన మూడు రకాలు ఆయనకు ఒకసారి వివరించాను. చాలా శ్రద్ధగా విన్నాడు.

"మరి కోడి మీద నేనే దూకి వడితే?"

"అది ఏ రకంలోకీ రాదు."

"అయితె గవి లెక్కల నుంచి తీసెయ్," అన్నాడు. అట్లా తీసేస్తే ఆయన పడిన వాటిలో సగం పోతాయి.

ఇంటికి దిగే ముందు చివరి బండ దగ్గర తనిఖీ ఉండేది. ఆయన నా ముందు నిలబడి గుండ్రంగా తిరిగేవాడు.

"వీపు సూడు."

"మట్టి ఉంది." దులిపేవాణ్ని.

"మోచెయ్యి?"

"గీసుకుపోయింది."

"అంగీ చేతులు దించు. నడక సూడు, కుంటుతున్ననా?"

"కొంచెం."

"ఏ కాలు?"

"ఎడమది."

"కుడిది గూడ జర కుంటుత. రెండు సమానమైతె ఎవ్వలికి ఎరుకగాదు."

వాకిట్లో పెద్దమ్మ చాటలో బియ్యం చెరుగుతూ ఉండేది. తలెత్తకుండా, "వడ్డవా?" అనేది. "పడలె," అనేవాడు. నా వైపు చూసేది. నేను చెప్పుల వైపు చూసుకునేవాణ్ని. ఫ్యాక్టరీలో ఎవరైనా కాలు జారి, దెబ్బ తగలకుండా తప్పించుకున్నా సరే, అది కాగితం మీద రాయించి సంతకం పెట్టించేవాణ్ని నేను. ఇంట్లో నాలుగేళ్లపాటు ఒక్కటీ రాయలేదు, ఒక్కటీ చెప్పలేదు.

ఒక ప్రమాదం జరిగితే ఎందుకు జరిగిందని ఐదుసార్లు అడగాలని మాకు నేర్పుతారు. అప్పుడు అసలు కారణం దొరుకుతుందట. ఒక ఎండాకాలం సాయంత్రం, బండ మీద కూర్చుని జొన్నలు విసురుతున్నప్పుడు, ఆయన్ని అడిగాను. ఎందుకు పడుతున్నావు? పరిగెత్తుతున్నా కాబట్టి. ఎందుకు పరిగెత్తుతున్నావు? కోడి గుట్ట మీద ఉంది కాబట్టి. ఎందుకుంది? ఎగిరి ఎక్కింది కాబట్టి. ఎందుకు ఎగిరింది?

"రెక్కలున్నయ్ గాబట్టి," అన్నాడు.

"అంతే కదా. ఒక పక్క రెక్కకు పెద్ద ఈకలు కత్తిరిస్తే చాలు. నొప్పి ఉండదు, రక్తం రాదు, గోళ్లు కత్తిరించినట్టే. వాకిట్లోనే తిరుగుతాయి. చెయ్యి చాచి పట్టుకోవచ్చు. నేను ఇప్పుడే చేసిపెడతాను, పావుగంట పని."

నా చొక్కా అంచు పట్టుకున్నాడు. నలిపాడు. ఈసారి గుడ్డ గురించి ఏమీ అనలేదు.

"బిడ్డా, నలభై ఏండ్లు గుంతల కూసున్నరా నేను. గీ గుట్ట మా ఇంటి ముంగటనే ఉన్నది. పుట్టినకాడికెళ్లి సూస్తున్న. ఒక్కనాడు పైకెక్కలె. నాడె కొట్టుకుంట కిటికీల నుంచి సూసేది, గంతే. ఎవడన్న పనిలేకుండ గుట్టెక్కుతడా? ఎక్కితె నవ్వరా? గిప్పుడు ఎవ్వలన్న అడిగితె కోడి కోసం వోతున్న అంట. పని మీద వోతున్న. ఈకలు గత్తిరిస్తే నాకు గుట్ట మీద ఏం పనిరా?"

నాకు ఐదో ప్రశ్న మిగిలే ఉంది. అడగలేదు. ఆయన లేచి, ఎడమ తొక్కుడు, కుడి తొక్కుడు, నల్లపెట్ట ఉన్న బండ వైపు వెళ్లాడు. అది ఆయన్ని రానిచ్చి, రానిచ్చి, చివరి క్షణంలో ఇంకో బండ మీదికి ఎగిరింది. ఆయన కూడా దాని వెనుకే పోయాడు. పడలేదు. ఆ సాయంత్రం కోడి కావాలని ఎవరూ అడగలేదన్న సంగతి నాకు కిందికి దిగాక గుర్తొచ్చింది.

బొక్క విరగనే విరిగింది. అయితే గుట్ట మీద కాదు.

నార్కట్‌పల్లి సెంటర్‌లో వెల్డింగ్ షాపు నడిపే సాబు ఒకాయన ఉండేవాడు. ఆయన చెల్లెలి కొత్త అల్లుడు విందుకు వస్తున్నాడు. టర్కీ కోడి బిర్యానీ పెట్టాలి, అదీ పెద్దది కావాలని ఆటో వేసుకుని తానే వచ్చాడు. అప్పుడు కిందికి అందేవి ఏవీ పెద్దవి కావు. పుంజులు గుట్ట పై బండల మీద ఉన్నాయి, అందే ఎత్తులో ఉన్న పెద్దది నల్లపెట్టే. గంటన్నర పట్టింది. నేను ఒక వైపు, సాబు ఒక వైపు, రెండు బండల సందులోకి తోలితే పెద్దబాపు కర్ర కొక్కెంతో కాలు అందుకున్నాడు. ఒక్కసారి కూడా జారలేదు, తట్టుకోలేదు. నాలుగేళ్లలో మొదటిసారి తనిఖీ అవసరం లేకుండా గుట్ట దిగాం.

సిమెంటు రోడ్డు మీదికి వచ్చాక, కోడిని రెండు చేతులతో ఛాతీకి అదుముకుని, వెనక్కి తిరిగి గుట్టను చూస్తూ, మాతో అంటున్నాడు.

"సూసినవా సాబు, గింత గూడ మట్టి అంటలె! బట్ట మడత నలగలె! పొద్దుగాల ఎట్ల..."

మురుగునీటి మోరీ మీద కప్పిన పలక ఒకటి రోడ్డు కన్నా రెండు అంగుళాలు ఎత్తుగా ఉంది. అంతే. ఎత్తు రెండు అంగుళాలు, వేగం లేదు, నేల పొడిగా ఉంది, వెలుతురు సరిపడా ఉంది. మడమ మెలిపడి కూలబడ్డాడు. "అమ్మా!" అన్నాడు. గుట్ట మీది పుంజులన్నీ ఒక్కసారిగా జవాబిచ్చాయి. నల్లపెట్ట చేతుల్లోంచి లేచి, రోడ్డు దాటి, సీతాఫలం చెట్ల మీదుగా పైకి పోయింది. పెద్దమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. అంతా చూసింది.

"అరె, పోనీ చిచ్చా! కోడి పోతే పోయింది, ఫికర్ జెయ్యకు," అని సాబు ఆయన్ని ఒడుపుగా ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. ఆయన మాత్రం మడమ వైపు చూడటం లేదు. పెద్దమ్మ ముఖం వైపు చూస్తున్నాడు.

"బెణికింది," అన్నాడు. "ఉత్తగ బెణికింది."

ఆటోలో పెద్దమ్మ ఆయన కాలును తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పెట్టి పెన్నుతో చూపించాడు. చీలమండ దగ్గర సన్నటి గీత.

"సారు, గది బొక్క ఇరిగినట్టా, లేకుంటె పగిలినట్టా?" అని అడిగాడు పెద్దబాపు.

"రెండూ ఒకటే, పెద్దాయన."

"ఒకటెట్లయితది? పగుళ్లు వేరే గద."

డాక్టరుకు ఈ వాదన దేనికో అర్థం కాలేదు. ఆరు వారాల సిమెంటు కట్టు వేసి పంపించాడు. బయట బెంచీ మీద నేను తలవంచుకుని చెప్పేశాను. ఇది మొదటిసారి కాదు పెద్దమ్మా, ఇంతకుముందు కూడా చాలాసార్లు పడ్డాడు, నేను దాచాను అని.

"నువ్వేంది దాశేది?" అంది. "ఆయన వడ్డప్పుడల్ల అమ్మా అని ఒర్లుతడు. ఆయన ఒర్లినప్పుడల్ల గవన్ని గొల్లున అరుస్తయ్. నేను వాకిట్ల గూసొని ఇంటనే ఉన్న. రేగు కంపల వడ్డనాడు పక్క మీద బోర్ల పన్నడు. ఎల్లెలికల పంటె గుచ్చుకుంటయని. నాకు ఎరుకలేదనుకున్నరా ఇద్దరు?" నా వైపు తిరిగి, "నువ్వు ఫ్యాక్టరీల గూడ గిదే జేస్తవా?" అంది.

నేను మందుల చీటీ పట్టుకుని షాపుకు లేచాను.

ఇంటికి వచ్చాక సాబు వాకిట్లో నిలబడి మర్యాదగానే అడిగాడు. అమ్మే ఆలోచన ఉంటే మొత్తం తీసుకుంటాను, మా బావమరిదికి చౌటుప్పల్ వైపు ఫారం ఉంది, మంచిగా చూసుకుంటాడు అని. పెద్దబాపు మంచం మీద నుంచి ఇటు తిరగలేదు. గోడ వైపే చూస్తున్నాడు. గోడకు ఉన్న చిన్న కిటికీలోంచి గుట్ట కొంచెం కనబడుతుంది. ఆయన మగ్గం మీద కూర్చుని చూసిన కిటికీ అదే.

"రేపు చెప్త," అంది పెద్దమ్మ.

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. నొప్పి మాత్ర మాత్రం మింగాడు. నేను సెలవు పెట్టి ఉండిపోయాను.

తెల్లవారి లేచేసరికి వాకిట్లో రెక్కల చప్పుడు. పెద్దమ్మ కోళ్లను రాత్రి మూసిపెట్టే అర్రలోంచి బయటికి వదలలేదు. తలుపు కొంచెమే తెరిచి, ఒక్కొక్కదాన్ని బయటికి లాగి, మోకాళ్ల మధ్య అదిమి, కుడి రెక్క విప్పి, నూలు కత్తిరించే కత్తెరతో పెద్ద ఈకలు కత్తిరిస్తోంది. చాలా వేగంగా, ఒకే కొలతతో. నేను పావుగంట పని అన్నది ఆమె పది నిమిషాల్లో ముగించింది. వదిలినవి వదిలినట్టు రోడ్డు దాకా పరిగెత్తి, ఎగరబోయి, ఒక పక్కకు ఒరిగి, ఆశ్చర్యపోయి నిలబడుతున్నాయి.

లోపల మంచం కిర్రుమంది. పెద్దబాపు మోచేతుల మీద లేచి తలుపు సందులోంచి చూస్తున్నాడు. సంతకు పోవడం లేదని అర్థమైంది. కత్తిరింపు కూడా అర్థమైంది.

"అన్నిటికి అయిపోయిందా?" అన్నాడు.

"అర్రల ఉన్నయన్నిటికి అయిపోయింది." పెద్దమ్మ కత్తెరకు అంటిన నూగు తుడుచుకుంది. "నల్లది రాత్రి దిగలె. పొద్దుగాల జొన్నలకొచ్చింది, దొరికింది గూడ."

"దొరికిందా?"

"దొరికింది. ఇడిశిపెట్టిన."

ఆయన మెల్లగా తల తిప్పి కిటికీలోంచి చూశాడు. మొదటి బండ మీద నల్లగా ఏదో కదులుతోంది. ఆయన కళ్లకు ఆ దూరం చక్కగా కనబడుతుంది.

"ఇరవై కోళ్ల ఎనుక ఉరుకుడు ఇగ బంద్," అంది పెద్దమ్మ. "కట్టు ఇప్పినంక గా ఒక్కదాని ఎనుక తిరుగు. నీకు పని గావాలె గద. గదొక్కటి సాలు."

"అది శాన ఎత్తు ఎగురుతదే."

"ఎగరనీ," అంది. "నువ్వు ఎగరకు."